రాత్రి పదకొండు తర్వాత కూడా కంపెనీదేనా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో నాలుగు ఒకే గొడవ చుట్టూ తిరుగుతున్నాయి. ఉద్యోగం చేసుకుంటూ తీరిక వేళ రాసిందీ గీసిందీ తీసిందీ ఎవరి సొత్తు అని. మిగతా ఉత్తరాలను వచ్చే సంచికకు జరిపి ఈ నాలుగే తీసుకున్నాను. ఈ విషయంలో నాకు కాస్త పాత బాకీ కూడా ఉంది. అదేమిటో మొదటి జవాబులో చెబుతాను.

*హైటెక్ సిటీలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ ఇంజనీరుని. వయసు 29. మా పాప పడుకున్నాక రాత్రి పదకొండు నుంచి పన్నెండున్నర దాకా పిల్లల కథలు రాసుకుంటాను. రెండేళ్ళలో పద్నాలుగయ్యాయి. అన్నీ తెనాలి దగ్గర మా అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో జరిగేవే. వాటర్ ట్యాంకు మీద కాపురం పెట్టిన కొంగ ఒకటి అన్ని కథల్లోనూ వస్తుంది. ఒకరు పుస్తకం వేస్తామన్నారు. సంబరంగా ఆఫీసులో చెబితే, పక్క సీటాయన "ముందు అపాయింట్‌మెంట్ లెటర్ చూసుకోండి" అన్నాడు. చూసుకున్నాను. "ఉద్యోగ కాలంలో, పనివేళల్లో గానీ వాటి బయట గానీ, ఉద్యోగి సృష్టించిన సమస్త కృతులూ కంపెనీ ఆస్తి" అని పద్నాలుగో క్లాజులో ఉంది. హెచ్చార్‌ను అడిగితే "డిక్లేర్ చేయండి, లీగల్ వాళ్ళు చూస్తారు" అన్నారు. పైగా ఆరు కథలు ఆఫీసు ల్యాప్‌టాప్‌లోనే టైప్ చేశాను. అప్పట్నుంచీ ఒకటే టెన్షన్. నా కొంగ కంపెనీదైపోతుందా? ఎవరికీ చెప్పకుండా కలం పేరుతో వేసుకోమంటున్నారు మావారు. — పేరు వద్దన్న పాఠకురాలు, కొండాపూర్*

కొంగ మీదేనమ్మా. నాకున్న చదువు మేరకు మీ వైపే బలం ఉంది. అలాగని పద్నాలుగో క్లాజును ఉఫ్‌మని ఊదేయడానికి లేదు.

ముందు చట్టం సంగతి. మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. అందులో 17వ సెక్షను ప్రకారం రాసినవారే మొదటి యజమాని. దానికి కొన్ని మినహాయింపులున్నాయి. మీకు వర్తించేదల్లా (సి) అనే చిన్న ముక్క. ఉద్యోగ విధుల్లో భాగంగా తయారుచేసినదైతే, వేరే ఒప్పందం లేనప్పుడు, ఉద్యోగం ఇచ్చినవారిదే కాపీరైట్. ఇక్కడ చాలామంది గడియారం చూస్తారు. తొమ్మిది నుంచి ఆరు దాకా కంపెనీది, ఆరు దాటాక నాది అనుకుంటారు. లెక్క అది కాదు. ఆ పని చేయడానికి మీకు జీతం ఇస్తున్నారా అన్నదే ప్రశ్న. మీకు జీతం ఇస్తున్నది సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టుకోవడానికి. కొంగ చేత మాట్లాడించమని మీ మేనేజరు ఏనాడూ అడిగి ఉండడు.

ఇదే మీరు రాత్రి పదకొండుకు కూర్చుని మీ టీము వాడే టెస్టింగ్ టూల్ లాంటిదాన్నే మెరుగ్గా రాశారనుకోండి, నా జవాబు ఇంత ధైర్యంగా ఉండేది కాదు. ఇల్లు మీదే, కరెంటు మీదే, నిద్ర కూడా మీదే చెడింది. అయినా ఆ పని మీ ఉద్యోగానికి మరీ చుట్టం. తమాషా ఏమిటంటే ఈ చట్టంలో కంప్యూటర్ ప్రోగ్రామును కూడా సాహిత్య కృతి కిందే లెక్కేశారు. మీ కోడూ మీ కొంగ కథా ఒకే గంపలో ఉన్నాయి.

ల్యాప్‌టాప్ గురించి భయపడుతున్నారు. ఇంగ్లండులో తీర్పు వచ్చిన ఒక కేసు నాకు ఇష్టం. ప్రజారోగ్య సంస్థలో పనిచేసే ఒక పెద్ద డాక్టరు, చర్మానికి రంధ్రాలు పొడిచే పనుల్లో పాటించాల్సిన శుభ్రత మీద ఒక గైడు రాశాడు. సాయంత్రాలు, శని ఆదివారాలు ఇంట్లో కూర్చుని రాశాడు. టైపు చేసిపెట్టింది మాత్రం ఆఫీసు సెక్రటరీ. ఆయన రాతను వాడేసుకున్నవాళ్ళ మీద కేసు వేస్తే, "ఈ కాపీరైట్ మీది కాదు, మీ ఆఫీసుది" అని వాళ్ళు అడ్డం తిరిగారు. కోర్టు ఒప్పుకోలేదు. అది ఆయన ఉద్యోగంలో భాగంగా రాసింది కాదు, కాబట్టి ఆయనదేనంది. అక్కడి తీర్పు మన కోర్టులు తప్పక పాటించాలని లేదు గానీ, వాదనలో చూపించుకోవచ్చు. ఆఫీసు టైపిస్టు చేయి పడ్డంత మాత్రాన పోని హక్కు ఆఫీసు కీబోర్డు తగిలితే పోతుందా?

అయితే అదే ఇంగ్లండులో 1952 నాటి మరో తీర్పుంది. ఒకాయన చేసిన ఉపన్యాసాల మీద హక్కు ఆయనదేనని చెబుతూ, కంపెనీ పని మీద ఒక క్లయింటు కోసం రాసిన భాగాన్ని మాత్రం విడదీసి కంపెనీకి ఇచ్చారు. మీ పద్నాలుగింటిలో ఆఫీసు ఉగాది సావనీరుకో, కంపెనీ వాళ్ళ పిల్లల కార్యక్రమానికో మేనేజరు అడిగితే పనివేళల్లో రాసిచ్చినది ఏదైనా ఉందా? ఉంటే దాన్ని పక్కన పెట్టి పదమూడే అచ్చుకివ్వండి.

ఇక పద్నాలుగో క్లాజు. పాత బాకీ అన్నానే, అది ఇక్కడే ఉంది. విజయవాడ వచ్చి ప్రాక్టీసు పెట్టకముందు హైదరాబాదులో ఒక మందుల కంపెనీలో పద్దెనిమిదేళ్ళు లా ఆఫీసరుగా చేశాను. 1996లో మాతో జట్టుకట్టిన విదేశీ సంస్థ నుంచి ఒక నమూనా కాంట్రాక్టు ఫ్యాక్సులో వచ్చింది. అందులోని ఇలాంటి క్లాజునే నేను మక్కీకి మక్కీ దించి మా అపాయింట్‌మెంట్ లెటర్లో పెట్టాను. మందు ఫార్ములాలు బయటకు పోకూడదన్నదే మా బెంగ. కథలూ బొమ్మలూ మా ఊహలో కూడా లేవు. "సమస్త" అనే మాట మాత్రం అలాగే ఉంచేశాను. ఎక్కువైతే నష్టమేమిటి, తక్కువైతేనే తంటా అని అప్పటి నా తెలివి.

కొత్త లెటర్లు పంచిన వారంలోనే క్వాలిటీ కంట్రోల్‌లో పనిచేసే కెమిస్టు ఒకాయన నా గదికి వచ్చాడు. గుంటూరు జిల్లా మనిషి, పరిషత్తులకు నాటికలు రాసేవాడు. "సార్, దీని లెక్కన నా నాటిక కూడా కంపెనీదేనా?" అన్నాడు. నవ్వాను. ఆయన నవ్వలేదు. లెటరు నా ముందుకు తోసి ఆ మాట మీద వేలు పెట్టాడు. నేనే రాసిన వాక్యాన్ని మరోసారి చదువుకున్నాను. నిజమే, నాటిక కూడా వస్తుంది. ఆయన ఇంకేం వాదించలేదు. లెటరు తిరగేసి వెనక ఖాళీ కాగితం మీద బాల్‌పెన్నుతో తన నాలుగు నాటికల పేర్లు రాశాడు. ఏ ఏడు రాసిందీ, ఏ ఊరి పరిషత్తులో ఆడిందీ పక్కనే వేశాడు. "ఇవి నావి" అని కింద సంతకం పెట్టి, నన్నూ పెట్టమన్నాడు. పెట్టాను. ఆ తర్వాత ఏటా ఉగాదికి ముందు ఒక చీటీ తెచ్చేవాడు, ఆ ఏడు రాసినదాని పేరుతో. రెండో ఏడాది నుంచి మా లెటరు చివర "ముందే ఉన్న కృతులు" అని ఒక ఖాళీ పేజీ చేర్చాం. కొత్తగా చేరేవాళ్ళలో సగంమంది అందులో "నిల్" అని రాసి సంతకం పెట్టేవాళ్ళు, ఆలోచించకుండానే. మీ లెటరు చివర కూడా అలాంటి పేజీ ఉందేమో చూడండి. మీరేం రాశారో కూడా చూడండి.

ఇంకా పుట్టని కృతి మీద హక్కును ముందుగానే రాసివ్వడానికి మన చట్టం ఒప్పుకుంటుంది. 18వ సెక్షను అదే. అందుకే క్లాజును తీసిపారేయలేమన్నాను. కానీ 19వ సెక్షను దానికి కళ్ళెం వేసింది. హక్కు బదిలీ రాతపూర్వకంగా ఉండాలి, ఇచ్చేవారి సంతకం ఉండాలి, ఏ కృతి అన్నది తేల్చి చెప్పాలి, ఏ హక్కులు, ఎంతకాలం, ఏ ప్రాంతంలో అన్నది రాయాలి. కాలం రాయకపోతే అయిదేళ్ళు, ప్రాంతం రాయకపోతే భారతదేశం. బదిలీ అయిన ఏడాదిలోపు ఆ హక్కును వాడుకోకపోతే, పత్రంలో వేరేలా లేనప్పుడు, అది మురిగిపోతుంది. 19(4) అన్నది ఈ ముక్కే. మీరు పంపిన వాక్యంలో "సమస్త కృతులు" తప్ప ఏదీ తేల్చిన దాఖలా లేదు. నేను మీ వకీలునైతే మొదటి దెబ్బ అక్కడే కొడతాను. అవతలి వకీలు, నా లాంటి వాడే అయితే, లెటర్లో ఇంకో మూల "శాశ్వతంగా, ప్రపంచమంతటా, 19(4) ఏమి చెప్పినప్పటికీ" అని రాసిపెట్టి ఉంటాడు. ఆ మాటలు ఉన్నాయేమో మొత్తం లెటరు వెతకండి. ఉంటే కంగారు పడొద్దు గానీ, సంతకాలకు ముందు ఒకసారి వకీలుకు చూపించండి.

ఏం చేయాలంటే, కలం పేరు దారి వద్దు. మీవారు మీ మంచికే చెప్పారు గానీ, కలం పేరు ఒప్పందాన్ని మార్చదు. రేపు ఎవరో మీ కొంగను కాజేస్తే "ఆ రచయిత నేనే" అని నిరూపించుకునే పని మీ నెత్తిన పడుతుంది. అసలు పేరుతో వేస్తే కాపీరైట్ మీ జీవితకాలం, ఆ పైన 60 ఏళ్ళు. కలం పేరు వెనక మనిషెవరో తెలియకుండా ఉండిపోతే అచ్చయినప్పటి నుంచి 60 ఏళ్ళే.

హెచ్చార్‌కు చిన్న మెయిల్ రాయండి. అనుమతి అడుగుతున్నట్టు కాదు, తెలియజేస్తున్నట్టు. "నేను పనివేళల బయట తెలుగులో పిల్లల కథలు రాశాను. వాటికీ నా విధులకూ కంపెనీ వ్యాపారానికీ సంబంధం లేదు. కంపెనీ రహస్య సమాచారం ఏదీ వాటిలో లేదు. పుస్తకంగా వేస్తున్నాను. వీటిపై కంపెనీ హక్కు కోరడం లేదని ధ్రువీకరించగలరు." కథల పేర్లు పద్నాలుగూ కింద వేయండి. కథలు మాత్రం పంపకండి, వాళ్ళకు అవసరం లేదు. నేను అటువైపు కూర్చున్న రోజుల్లో ఇలాంటి మెయిల్ వస్తే రెండు నిమిషాల్లో "అభ్యంతరం లేదు" అని కొట్టి పంపేవాణ్ణి. జవాబు రాకపోతే పదిహేను రోజులాగి మళ్ళీ అదే మెయిల్ మీదే గుర్తుచేయండి. ఆ జవాబు ప్రింటు తీసి ఇంట్లో పెట్టుకోండి. ఉద్యోగం మారాక ఆఫీసు మెయిల్ తెరుచుకోదు.

ఆ ఆరు కథలను రాత్రికి రాత్రి పెన్‌డ్రైవులోకి లాగకండి. సొంత మెయిల్‌కు పంపుకోకండి. ఈమధ్య ఆఫీసు సిస్టమ్‌లలో ఫైలు బయటకు కదిలితే గంట మోగుతుంది. కథ పోయి దొంగతనం కేసవుతుంది. ఐటీ వాళ్ళకు టికెట్ పెట్టి, ఫలానా సొంత ఫైళ్ళు తీసుకోవాలని అడగండి. ఇకమీదట మాత్రం సొంత యంత్రం మీదే రాయండి, పాతదైనా సరే. చేతిరాత నోటుబుక్కులుంటే తేదీలతో సహా దాచండి.

కాపీరైట్ రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. రచన పుట్టగానే హక్కు పుడుతుంది. అయినా కథల పుస్తకానికి రుసుము 500 రూపాయలే, ఆన్‌లైన్‌లో అవుతుంది. దరఖాస్తు తర్వాత అభ్యంతరాల కోసం 30 రోజులు ఆగాలి. చేయించుకుంటే మంచిదే.

మూన్‌లైటింగ్ కింద, అంటే ఒక ఉద్యోగంలో ఉంటూ చాటుగా ఇంకో పని చేస్తున్నారని, పట్టుకుంటారేమో అని కూడా మీ ఉత్తరం చివర అడిగారు. 2022 సెప్టెంబరులో విప్రో ఛైర్మన్ రిషద్ ప్రేమ్‌జీ 300 మందిని తీసేశామని చెప్పినప్పటి నుంచి అందరికీ ఈ భయం పట్టుకుంది. వాళ్ళ మీద మాట, ఉద్యోగంలో ఉంటూనే పోటీ సంస్థలకు పనిచేశారని. కొంగ కథల రాయల్టీ ఇంకో ఉద్యోగం కాదు. ఆ మెయిల్లోనే "రాయల్టీ వచ్చే అవకాశం ఉంది" అని ఒక ముక్క చేర్చండి, సరిపోతుంది.

*ఒక దినపత్రిక జిల్లా ఆఫీసులో సబ్ ఎడిటర్ని. ఆరేళ్ళుగా ఆదివారం పేజీకి నేనే కార్టూన్ వేస్తున్నాను. అందులోని అత్తా కోడలూ జిల్లాలో అందరికీ తెలుసు. ఇప్పుడు మానేసి వేరే పత్రికకు వెళ్తున్నాను. ఆ పాత్రలు వదిలేసి రావాలంటున్నారు. ఏడాది దాకా ఎక్కడా గీయకూడదని కూడా రాయించుకున్నారు. — కార్టూనిస్టు, వరంగల్*

మీ కేసు పైదానికంటే చిక్కు. మీరు గీసింది ఉద్యోగంలోనే. అయినా పత్రికల వాళ్ళకు చట్టం ఒక ప్రత్యేక గీత గీసింది. 17(ఎ) ప్రకారం, పత్రికలో వేయడం కోసం ఉద్యోగి రాసిందీ గీసిందీ పత్రికలో ప్రచురించుకునే మేరకే యజమానిది. మిగతా హక్కులు, అంటే పుస్తకంగా వేసుకోవడం లాంటివి, మీవే. ఇదీ వేరే ఒప్పందం లేకపోతేనే. కాబట్టి పాత కార్టూన్లను పుస్తకం వేసుకునే దారి ముందు చూడండి. చాలామందికి ఆ హక్కు తమ దగ్గర ఉందనే తెలియదు.

పాత్రల సంగతికి కేరళలో ఒక పెద్ద ఉదాహరణ ఉంది. "బోబన్, మోలీ" అనే తోబుట్టువుల బొమ్మలతో టామ్స్ అనే కార్టూనిస్టు మలయాళ మనోరమలో దశాబ్దాలు నడిపాడు. 1987లో బయటకొచ్చి ఇంకో పత్రికలో వేయబోతే మనోరమ కోర్టుకెళ్ళింది. అచ్చయిన పాత బొమ్మల సంగతి వేరు, ఉద్యోగం వదిలాక అదే పాత్రలతో కొత్తగా గీసుకోకుండా ఆయన్ను ఆపలేమని కేరళ హైకోర్టు అంది. మీరు ఎగిరి గంతేసే ముందు ఒక్క మాట. టామ్స్ ఆ పిల్లల్ని ఉద్యోగంలో చేరకముందే పుట్టించాడు. మీ అత్తా కోడలూ ఎప్పుడు పుట్టారు? ఉద్యోగానికి ముందు కాలేజీ మ్యాగజైన్లోనో, పెళ్ళి కార్డు వెనకో ఒక్క బొమ్మ గీసి ఉన్నా వెతికి పట్టుకోండి. అదే మీకు పెద్ద సాక్ష్యం.

ఏడాది దాకా గీయకూడదన్న షరతుకు మాత్రం నిద్ర పాడుచేసుకోకండి. ఉద్యోగం మానేశాక మనిషిని తన వృత్తి చేసుకోనివ్వని ఒప్పందం 1872 నాటి కాంట్రాక్టు చట్టం 27వ సెక్షను కింద చెల్లదు.

*కాకినాడలో పెళ్ళిళ్ళు తీసే స్టూడియోలో అసిస్టెంటుని. ఆదివారాలు ఓనరు కెమెరా తీసుకుని కోరింగ మడ అడవుల్లో పిట్టల ఫొటోలు తీస్తాను. ఒక ఫొటోకు బహుమతి వచ్చింది. కెమెరా తనది కాబట్టి ఫొటో తనదంటున్నాడు ఓనరు. — కాకినాడ*

పిట్ట మీది. కెమెరా అద్దె అడిగితే ఇవ్వండి, అది న్యాయం. తీయమని ఆయన పంపలేదు, మీ ఉద్యోగం పెళ్ళిళ్ళు తీయడం. ఒరిజినల్ ఫైలులో తేదీ ఉంటుంది, దాన్ని చెరపకండి. ఇంకో సంగతి మీ ఓనరుతో అనకండి గానీ, డబ్బిచ్చి తీయించుకున్న పెళ్ళి ఫొటోల కాపీరైట్ కూడా, వేరే ఒప్పందం లేకపోతే, స్టూడియోది కాదు, తీయించుకున్న వాళ్ళది. 17(బి). స్టూడియో గోడ మీద పెళ్ళికూతుళ్ళ బొమ్మలు పెట్టేముందు వాళ్ళను అడగాలి.

*మా అబ్బాయి కాలిఫోర్నియాలో సనీవేల్‌లో ఉద్యోగం. హెచ్‌-1బీ మీద ఉన్నాడు. అక్కడి తెలుగు పిల్లలకు అక్షరాలు నేర్పే యాప్ సొంతంగా చేశాడు. కంపెనీ లాక్కుంటుందని భయం. — ఒక తండ్రి, గుంటూరు*

మీవాడు మంచి రాష్ట్రంలోనే ఉన్నాడండీ. కాలిఫోర్నియా కార్మిక చట్టంలో 2870 అనే సెక్షను ఉంది. పూర్తిగా సొంత వేళలో, కంపెనీ పరికరాలూ సామగ్రీ రహస్యాలూ వాడకుండా కనిపెట్టినదాన్ని కంపెనీకి రాసివ్వాలన్న ఒప్పందం అక్కడ చెల్లదు. రెండు మినహాయింపులు ఉన్నాయి. అది కంపెనీ వ్యాపారానికో, చేయబోతున్న పరిశోధనకో సంబంధించినది కాకూడదు. కంపెనీకి చేసిన పనిలోంచి పుట్టినది కాకూడదు. కాబట్టి మీవాడి కంపెనీ ఏం చేస్తుందన్నది ముఖ్యం. చిప్‌లు చేసే కంపెనీ అయితే అఆల యాప్‌తో గొడవ రాకపోవచ్చు. పిల్లల చదువు యాప్‌లు చేసే కంపెనీ అయితే ఆగి ఆలోచించాలి. ఆఫీసు ల్యాప్‌టాప్ మీద ఒక్క అక్షరం కూడా దిద్దకూడదు. నేను కొండాపూర్ ఆవిడకు చెప్పిన ధైర్యం ఇక్కడ పనికిరాదు, ఎందుకంటే ఈ చట్టం పరికరాల దగ్గరే గీత గీసింది.

ఆ దేశంలో బొమ్మల కంపెనీల మధ్య ఇలాంటి యుద్ధం ఏళ్ళతరబడి నడిచింది. బార్బీ చేసే మ్యాటెల్‌లో ఉద్యోగం చేస్తూ ఒక డిజైనరు బ్రాట్జ్ బొమ్మల ఊహను ఎంజీఏ అనే ఇంకో కంపెనీకి ఇచ్చాడు. ఒప్పందంలో "ఉద్యోగ కాలంలో ఏ సమయంలోనైనా" అని ఉంది. ఆ మాటలోకి రాత్రులూ వారాంతాలూ వస్తాయా రావా అన్నది స్పష్టంగా లేదని 2010లో అప్పీలు కోర్టు అంది. 2008లో మ్యాటెల్ వైపు వచ్చిన తీర్పు తలకిందులైంది.

మీకు రాని అనుమానం ఒకటి నాకు వచ్చింది. హెచ్‌-1బీ మీద ఉన్నవాడు తనకు ఆ వీసా ఇప్పించిన కంపెనీకే పనిచేయాలి. యాప్ ఊరికే పంచితే ఒక లెక్క, దాని మీద డబ్బు తీసుకుంటే ఇంకో లెక్క. కంపెనీ కంటే ముందు అక్కడ చిక్కు రావచ్చు. యాప్‌కు ధర పెట్టేముందు అక్కడి ఇమ్మిగ్రేషన్ లాయరును ఒక గంట కలవమనండి. అప్పుడే ఆ ఉద్యోగ ఒప్పందం కూడా తీసుకెళ్ళి చూపించమనండి.